ముగ్గు పడని ముక్క

ఇప్పటి కుర్రవాళ్లను చూస్తే నాకు ముచ్చటేస్తుంది. తిన్న కంచం తామే కడుక్కుంటారు, గది తామే ఊడ్చుకుంటారు, ఊడుస్తున్న వైనాన్ని ఫోటో తీసి నలుగురికీ పంపుకుంటారు కూడా. మా రోజులు వేరు. మా పర్చూరు వైపు మగపిల్లాడు చీపురు ముట్టుకున్నాడంటే ఆ ఇంట్లో ఆడవాళ్లకెవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. నాకు అమ్మ కాక ఇద్దరు అక్కలు. కళ్లంలో ఎండుమిర్చి కుప్ప వేసే రోజుల్లో ముగ్గురూ ముక్కుకి గుడ్డలు కట్టుకుని ఊడ్చేవాళ్లు. నేను గట్టు మీద వేపచెట్టు కింద కూర్చుని పుస్తకం తిరగేసేవాణ్ణి. "వాణ్ణి పిలవకండే, చదువుకుంటున్నాడు" అనేది అమ్మ. (నేను చదువుతున్నది సినిమా పత్రిక. దాని మీద భౌతికశాస్త్రం అట్ట వేసి ఉండేది. అమ్మను మోసం చేశానని ఇప్పుడు బాధపడుతుంటాను గానీ, ఆ అట్ట చలవ వల్లనో ఏమో చివరికి భౌతికశాస్త్రమే నాకు కూడు పెట్టింది.)

అలా పెరిగినవాణ్ణి ఎమ్మెస్సీ అయ్యాక గుంటూరులో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరాను. బ్రాడీపేటలో ఒక సందు చివరి ఇంట్లో, మేడ మీద గది దొరికింది. పెళ్లికాని వాళ్లకు గది ఇవ్వడమంటే అప్పట్లో ఇంటివాళ్లు పాముకి పాలు పోసినట్టు చూసేవారు. "బ్యాచిలర్సా? అబ్బే, మా తమ్ముడు దిగుతున్నాడండీ" అనేవారు. నేను చూసిన ఇళ్లన్నిటిలోనూ తమ్ముళ్లే దిగుతున్నారు. ఈ ఒక్క ఇంటాయనకే తమ్ముడు లేడు. ఆయనకు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. మనిషి కూడా తన సరుకులాంటివాడే, దూరం నుంచి చూడటానికి ఎర్రగా బాగుంటాడు, దగ్గరికి పోతే కళ్లలో నీళ్లొస్తాయి. నాతోపాటు గదిలో ఉండే స్నేహితుడు పత్తికీ మిర్చికీ మందులమ్మే కంపెనీలో తిరుగుడు ఉద్యోగం చేసేవాడు. వాడికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉండేది గానీ సందులో అందరూ వాణ్ణి "పురుగుమందు" అనే పిలిచేవారు. వాడూ పలికేవాడు.

ఇంటాయన కఠినుడైనా ఆయన తల్లి మా పాలిట దేవత. దర్శి వైపు పల్లెటూరి మనిషి, ఆవిణ్ణి అందరం మామ్మగారూ అనేవాళ్లం. గోంగూర నూరినా, పచ్చిమిర్చి చట్నీ చేసినా కింద నుంచే కేక పెట్టేది. "ఒరేయ్ అబ్బాయిలూ, గిన్నె పట్టుకుని దిగండి! ఎండిపోయి మిరపతొడిమల్లా అయ్యారు." ఆవిడ గిన్నె మీదే మేం ఆ ఊళ్లో బతికామంటే అతిశయోక్తి కాదు. (ఖాళీ గిన్నె కడగకుండానే తిరిగిచ్చేవాళ్లం. ఆవిడ ఒక్కనాడూ ఏమీ అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గిన్నెలన్నీ వరసగా నా కళ్ల ముందు నిలబడతాయి.)

ఇక అసలు కథ నడిచిన చోటు గురించి చెప్పాలి. మా సందు ఆటో కూడా దూరనంత ఇరుకు. రోడ్డు మీద నుంచి లోపలికి వస్తే మొదట టీచరమ్మగారి గేటు. ఆవిడ మిషన్ స్కూల్లో పాతికేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చిట్టచివర మా ఇంటాయన గేటు. ఈ రెండు గేట్ల మధ్య కొంచెం సిమెంటు నేల. మా మేడమెట్లు బయటి నుంచే దిగి సరిగ్గా ఆ ముక్క మీదకే వస్తాయి. ఇంటావిడ రోజూ పొద్దున్నే తన గేటు ముందు కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, గోడ అంచు దగ్గర గీత గీసినట్టు ఆపేసేది. టీచరమ్మగారు ముగ్గు పెట్టరు గానీ గేటు ముందు రెండు బకెట్ల నీళ్లు కొట్టి కడిగేవారు. చీపురు తన గోడ దాకా వచ్చి ఆగిపోయేది. అటు ముగ్గూ అందక, ఇటు చీపురూ అందక మధ్యలో మిగిలిపోయిన ఆ ముక్క ఎవరిదీ కాదు. పక్కనున్న ఎత్తు గోడ వల్ల దాని మీద ఎండ పడదు. పైనుంచి మా సన్‌షేడ్ నీళ్లు కారతాయి, పక్కనుంచి టీచరమ్మగారి నీళ్లు పారతాయి. ఇంకేం, వానాకాలం వచ్చేసరికి అక్కడ పచ్చటి పట్టుచీర పరిచినట్టు పాచి పట్టేది.

ఆ పాచి ఎవరినీ తరతమ భేదాలతో చూడలేదు. పాలవాడు క్యానుతో సహా జారాడు. గ్యాస్ బండ తెచ్చిన వాడు జారాడు (బండ నిలబడింది, వాడే పడ్డాడు). పడ్డవాళ్లంతా లేచి నడుం పట్టుకుని, ముందు ఆ ముక్క వంకా తర్వాత మా మెట్ల వంకా చూసేవారు. అప్పుడు పంచాయితీ మొదలయ్యేది.

"మెట్లు మీవి, పాచి మీది," అనేవాడు ఇంటాయన పైకి చూస్తూ.

"అద్దె కట్టేది గదికి సార్, సందుకి కాదు," అనేవాణ్ణి నేను పిట్టగోడ మీద మోచేతులు ఆన్చి.

"ఆ నీళ్లు టీచరమ్మగారివి కదండీ," అనేవాడు పురుగుమందు, వెనకనుంచి ఆజ్యం పోస్తూ.

"ఏం బాబూ, శుభ్రం చేసుకోవడం కూడా తప్పేనా?" అనేవారు టీచరమ్మగారు. "నేను నా గేటు ముందు కడుగుతున్నాను. మీ గేటు ముందు మీరు కడగండి."

"మాకు గేటు లేదండీ, మెట్లే!" అని నేను తర్కం లాగేవాణ్ణి. నా తర్కం ఎప్పుడూ గెలిచేది. పాచి కూడా గెలిచేది.

ఇలా ఉండగా నేను క్లాసులో ఘర్షణ పాఠం మొదలుపెట్టాను. నేల ఎంత పట్టు ఇస్తుందో చెప్పడానికి 'మ్యూ' అని ఒక గుర్తు వాడతాం. మ్యూ ఎక్కువుంటే కాలు నిలుస్తుంది, లేకపోతే జారుతుంది. మనిషి నడవగలుగుతున్నాడంటే అది ఘర్షణ పెట్టిన భిక్ష అని ఆవేశంగా చెప్పి, మర్నాడు మిగతా సగం చెప్పడానికి ఇస్త్రీ బట్టలు కట్టుకుని హడావిడిగా మెట్లు దిగాను. ఆఖరి మెట్టు దాకా నాకు మ్యూ ఉంది. తర్వాత ఆకాశం కనబడింది. మా సందు ఎదురుగానే కుర్రాళ్ల హాస్టలు, దాని బాల్కనీ నిండా నా విద్యార్థులే. పైనుంచి ఎంతో వినయంగా ఒక గొంతు వినిపించింది. "సార్, అక్కడ మ్యూ ఎంత సార్?"

ఆ రోజు నుంచి కోచింగ్ సెంటర్ మొత్తానికి నేను మ్యూ సార్‌నే. అంతటి అవమానం జరిగినా నేను చీపురు పట్టలేదండీ. కాలు ఎక్కడ పెట్టాలో నేర్చుకున్నాను, అంతే. మెట్టు మీద నుంచి కుడివైపు గోడ పట్టుకుని, ఒక్క అంగలో టీచరమ్మగారి సరిహద్దులోకి దూకేవాణ్ణి. ఊరందరూ పడితే పడనీ, నేను దాటితే చాలు. అదీ అప్పటి నా జ్ఞానం.

ఆ కార్తీకంలో మామ్మగారికి రెండు మోకాళ్లూ ఆపరేషన్ చేసి చిప్పలు మార్చారు. ఒక సాయంత్రం ఇంటాయన మేడ మీదకి వచ్చాడు. ఆయన పైకి రావడం అద్దె పెంచేటప్పుడు తప్ప మేం చూడలేదు.

"మాస్టారూ, ఆదివారం అమ్మను తీసుకొస్తున్నాను," అన్నాడు. "డాక్టరు చెప్పాడు, ఇప్పుడు జారిందంటే మళ్లీ కోసి అతకడమే, ఈ వయసులో తట్టుకోదని. ఆటో సందులోకి రాదు. కుర్చీలో మోసుకొద్దామంటే ఆవిడ ఒప్పుకోవట్లా."

"ఎందుకండీ?" అన్నాన్నేను.

"ఎందుకంటే మా అమ్మ కాబట్టి! 'నా ఇంటికి నా కాళ్లతో వస్తా, నలుగురూ మోస్తే వచ్చేది ఇంటికి కాదురా' అంటోంది." అంటూనే పిట్టగోడ మీంచి కింది ముక్క వంక చూశాడు. వెంటనే సర్దుకుని పాత గొంతు తెచ్చుకున్నాడు. "ఆదివారం పొద్దునకి కింద పాచి కనబడిందా, మధ్యాహ్నానికి మీ పరుపులు రోడ్డు మీద కనబడతాయి."

ఆయన దిగిపోయాక మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. గది పోతుందన్న భయం నిజమే. కానీ నా మనసులో తిరుగుతున్నది పరుపు కాదు. వాకరు పట్టుకున్న మామ్మగారు, ఆ పచ్చటి ముక్క, ఆఖరి మెట్టు దగ్గర నాకు కనబడిన ఆకాశం.

"దీనికింత ఆలోచనెందుకురా?" అన్నాడు పురుగుమందు. "నా దగ్గర గడ్డిమందు శాంపిల్ ఉంది." కొట్టాడు. వాడు అమ్మిన మందుల్లో పనిచేసిన మందు నాకు తెలిసి అదొక్కటే. పాచి చచ్చింది. చచ్చి పసుపురంగుకు తిరిగి, ముద్దై, గంజిలా నేలకు అతుక్కుంది. బతికున్నప్పుడు మనిషిని ఒక గజం జార్చేది ఇప్పుడు రెండు గజాలు జార్చడం మొదలుపెట్టింది. మొదటి అనుభవం వాడిదే.

అప్పుడు నేను శాస్త్రం బయటికి తీశాను. నునుపైన నేల మీద గరుకైనది ఏదైనా పరిస్తే మ్యూ పెరగాలి. ఇసుక పోస్తే వానకి కొట్టుకుపోతుంది. తేలికగా ఉండాలి, గరుకుగా ఉండాలి, కాణీ ఖర్చు ఉండకూడదు. (చీపురు అవసరం కూడా ఉండకూడదు. అది పైకి చెప్పని షరతు.) ఇంటాయన షెడ్డులో మిరపకాయల తొడిమలు తీసిన చెత్త, నలిగిన గింజా పొట్టూ కలిసిన గోతాం ఒకటి మూలన పడుంది. దాన్ని చూడగానే నాలో న్యూటన్ నిద్ర లేచాడు. ఇద్దరం గోతాం పట్టుకుని మెట్ల మీద నుంచి ఒక్క కుమ్మరింపు కుమ్మరించాం.

మిర్చి పంట మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. కళ్లంలో అమ్మా అక్కలూ ముక్కుకి గుడ్డలు ఎందుకు కట్టుకునేవారో అంతకుముందు ఒక్కసారైనా ఆలోచించి ఉంటే బాగుండేది. ఎర్రటి దుమ్ము మేఘంలా లేచింది. అదే సమయానికి ఎక్కడి నుంచి వచ్చిందో గాలి, సందు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తింది. ముందు పురుగుమందు తుమ్మాడు. తర్వాత నేను. తర్వాత టీచరమ్మగారింట్లో, ఆపైన హాస్టల్ మూడంతస్తుల్లో తుమ్ములు దీపావళి సరంలా పేలాయి. రోడ్డు మీద పోయే స్కూటర్లు కూడా ఆగి తుమ్మి వెళ్లాయి. టీచరమ్మగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్లనీళ్ల పర్యంతమై, గేటు దగ్గరికి వచ్చారు.

"ఏం బాబూ, దోమలకా?" అన్నారు.

"కాదండీ... హచ్... మ్యూ పెంచుదామని..."

ఆవిడ కాసేపు నా వంక చూశారు. క్లాసులో పాఠం రానివాడి వంక ఎలా చూస్తారో అలాగే. "ఎంత చదువుకున్నావు నాయనా! చీపురు ఒక్కటి తప్ప ప్రపంచంలో ఉన్నవన్నీ తెచ్చి పోస్తున్నావు దాని మీద. అసలు మీ అందరి పోట్లాట ఎందుకో చెప్పనా? అక్కడ ముగ్గు పడదు, చీపురు పడదు. ఎవరో ఒకరు నాది అంటే గానీ అది బాగుపడదు."

మామ్మగారి మోకాళ్లు గుర్తుకొచ్చాయో, తుమ్మి తుమ్మి అహంకారం కాస్త దిగిందో చెప్పలేను గానీ, మర్నాడు శనివారం సెలవు పెట్టి, లుంగీ ఎగ్గట్టి, ఇనపతీగల బ్రష్షు పట్టుకుని ఆ ముక్క మీద మోకాళ్ల మీద కూర్చున్నాను. పురుగుమందు నీళ్లు పోస్తాడు, నేను రుద్దుతాను. నేను అలిసిపోతే వాడు రుద్దుతాడు. వాడు అలిసిపోతే ఇద్దరం కూర్చుని ఇంటాయన్ను తిట్టుకుంటాం. హాస్టల్ బాల్కనీ నిండిపోయింది. "సార్, ప్రాక్టికల్సా?" అని ఒకడు. "ఎడమ మూల మిగిలింది సార్!" అని ఇంకొకడు. ఎప్పుడూ నా పాఠానికి రానంత హాజరు ఆ రోజు వచ్చింది.

మధ్యాహ్నానికి బ్రష్షు కింద నేల రంగు మారింది. పచ్చ పోయి నలుపు, నలుపు పోయి బూడిదరంగు. ఇంకా రుద్దితే నేల మీద గళ్లు బయటపడ్డాయి. అడ్డంగా, నిలువుగా, గవ్వల పీట మీద గీతల్లా. కాలు జారకుండా ఉండాలని సిమెంటు పోసినప్పుడే తాపీమేస్త్రి తాడుతో ఒత్తి పెట్టిన గళ్లవి. ఇన్నేళ్లూ నేను వెతికిన మ్యూ పాచి కిందే పడుకుని ఉంది! నాకు ఎంత ఆనందం వచ్చిందంటే, లేచి తడి నేల మీదే అటూ ఇటూ నడిచాను. తర్వాత పరిగెత్తాను. తర్వాత ఒంటికాలి మీద నిలబడ్డాను. బాల్కనీ చప్పట్లతో మోగిపోయింది. నా జీవితంలో నా పాఠానికి ఎవరైనా చప్పట్లు కొట్టింది అదే మొదలు, ఇంచుమించు అదే ఆఖరు.

అంతటితో ఆగితే బుద్ధిమంతుణ్ణి. గెలుపు తలకెక్కింది. ముగ్గు పడితేనే అది ఒకరిది అవుతుందన్న మాట కూడా తలలో తిరుగుతోంది. ఆదివారం తెల్లవారగానే ముగ్గుపిండి పొట్లం తెచ్చాను. నాకు ముగ్గులు రావు, గ్రాఫులు వచ్చు. కాబట్టి చుక్కలు స్కేలుతో కొలిచి పెట్టి, వాటిని చుడుతూ తరంగాలు గీశాను. ఈ గోడ దగ్గర మొదలుపెట్టి ఆ గోడ దాకా, టీచరమ్మగారి సరిహద్దు నుంచి ఇంటావిడ ముగ్గు దాకా, వేలు పట్టే సందు లేకుండా ముక్క మొత్తం నింపేశాను. ఇక ఇది నాది అని లోకానికి చాటాలిగా!

టీచరమ్మగారు చర్చికి బయల్దేరుతూ గేటు దగ్గర ఆగి కళ్లజోడు సర్దుకున్నారు. "బాబూ, ఇది ముగ్గా, గుండె పరీక్ష కాగితమా?" అన్నారు. కానీ మొహంలో మెచ్చుకోలు ఉంది. మామ్మగారు వస్తున్నారని తెలిసి ఆవిడా ఆగిపోయారు.

సందు మొదట్లో ఆటో ఆగింది. ముందు వాకరు దిగింది, తర్వాత మామ్మగారు దిగారు. పక్కన కొడుకు చేతులు చాచుకుని, పట్టుకోవడానికి భయపడి, పట్టుకోకుండా ఉండలేక పీతలా నడుస్తున్నాడు. "నువ్వెళ్లు ముందు. నా కాళ్లకి అడ్డం పడమాక," అంటోందావిడ. టక్కు, అడుగు. టక్కు, అడుగు. టీచరమ్మగారి గేటు దాటింది. నా ముక్క అంచుకొచ్చింది. ఆగింది.

"ఏందిరా ఇది?"

"ముగ్గు, మామ్మగారూ," అన్నాను చేతులు కట్టుకుని. "నేనే పెట్టాను."

"ముగ్గని నాకూ తెలస్తానే ఉంది. నేను ఎట్టా నడవాల?"

నాకు అర్థం కాలేదు. "ఏం పర్లేదు మామ్మగారూ, తొక్కేయండి!"

గేటు దగ్గర హారతి పళ్లెం పట్టుకున్న ఇంటావిడ "అయ్యో" అంది. మామ్మగారు నన్ను ఎగాదిగా చూసింది. "ముగ్గు తొక్కమంటావా? పొద్దుటి ముగ్గు! కొత్త మోకాళ్లతో ఇంటికొస్తా ముగ్గు తొక్కి రమ్మంటావా? మీ అమ్మ నీకేం నేర్పలేదంట్రా?"

మా అమ్మ నేర్పకపోవడమేమిటి, నేను సినిమా పత్రికలోంచి తలెత్తితే కదా! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మా వాకిట్లో ముగ్గు చూస్తున్నాను. ఆ ముగ్గు పక్కన నడవడానికి ఎప్పుడూ దారి ఉండేదన్న సంగతి ఆ క్షణం దాకా గమనించలేదు.

"అమ్మా, నేనెత్తుకుంటా," అన్నాడు ఇంటాయన.

"ముట్టుకున్నావంటే చూడు!"

"బకెట్టుడు నీళ్లు కొట్టేయనా?" అన్నాడు పురుగుమందు ఉత్సాహంగా.

"వద్దు!" అని సందు మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

"నాకు ఆ పట్టింపు లేదు పిన్నిగారూ, నేను చెరిపేస్తానుండండి," అన్నారు టీచరమ్మగారు చెప్పులు పక్కన విడుస్తూ.

"నువ్వెందుకు టీచరమ్మా? పెట్టినోడున్నాడుగా. వాడే తియ్యాల దారి." మామ్మగారి గొంతు గట్టిగానే ఉంది గానీ, వాకరు పట్టుకున్న చేతులు వణకడం మొదలైంది. ఎంతసేపని నిలబడుతుంది? వెనక్కి తిరగడానికి లేదు, కూర్చోడానికి లేదు. ఇంటాయన మొహంలో మిర్చి రంగు మొత్తం దిగిపోయింది.

నేను ఇంకేం ఆలోచించలేదు. ఇస్త్రీ ప్యాంటుతోనే ఆవిడ ముందు మోకాళ్ల మీద కూలబడి, అరచేతులతో ముగ్గు తుడవడం మొదలుపెట్టాను. వాకరు పట్టేంత వెడల్పు తుడిచి వెనక్కి జరుగుతాను, ఆవిడ టక్కుమని వాకరు వేసి అడుగు వేస్తుంది. రాజులకు ఎదురుగా తివాచీ పరుచుకుంటూ పోతారంటారు. నేను తివాచీ చుట్టుకుంటూ పోయాను. "ఎడమపక్క చుక్క మిగిలింది, చెరుపు," అంటుంది. చెరుపుతాను. "ఇక్కడ గీత బాగానే గీశావే," అంటుంది. చెరుపుతాను.

మెట్ల దగ్గరికొచ్చాం. అందరూ పడ్డ చోటు అదే. ఆవిడకీ తెలుసు. వాకరు ఆనించి, ఒకసారి ఒత్తి చూసింది. రబ్బరు తొడుగు సిమెంటు గళ్లలో గట్టిగా పట్టి, కిర్రుమంది. నేను విన్న శబ్దాలన్నింటిలో అంత తీయని శబ్దం ఇంకొకటి లేదు. కుడికాలు ఎత్తింది. మోకాలు సన్నగా అదిరింది. పాదం ఆనింది. కదలలేదు. ఎడమకాలు తెచ్చుకుంది. అదీ కదలలేదు.

"గట్టిగానే ఉందిరోయ్ నేల!" అంది మామ్మగారు తలెత్తి, నేలతో పందెం గెలిచినట్టు. హాస్టల్ బాల్కనీ ఈలలతో అదిరిపోయింది. టీచరమ్మగారు "స్తోత్రం!" అన్నారు. ఇంటాయన ఎవరూ చూడటం లేదనుకుని కళ్లు తుడుచుకున్నాడు. (మిర్చి దుమ్మేమో అని పురుగుమందు నా చెవిలో అన్నాడు గానీ, వాడూ కళ్లు తుడుచుకుంటూనే అన్నాడు.)

గేటు దగ్గర ఇంటావిడ ఎర్రనీళ్లతో దిష్టి తీసి, ఆ నీళ్లు, తన ముగ్గు పక్కన వదిలిన దారికి అవతలగా, గేటు పక్కన పారబోసింది. మామ్మగారు తన కాళ్లతో, ఒక్క చెయ్యి తగలకుండా, ఆ దారి వెంట తన ఇంట్లోకి వచ్చి వరండాలో కుర్చీలో కూర్చుంది. నీళ్లైనా తాగకుండా తీర్పు చెప్పింది.

"ఏరా, ఆ ముక్క ఎవరిదని కదా ఇన్నేళ్ల బట్టి మీ గోల? ముగ్గు పెట్టినోడిది. ఇయ్యాల్టి నుంచి అది ఈ అబ్బాయిది. వీళ్లని ఖాళీ చేయించేమాటుంటే చెప్పు, రేపటి నుంచి బ్రష్షు నువ్వు పట్టుకో."

ఇంటాయన ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. "ఎందుకమ్మా, ఉండనీ. మంచి కుర్రాళ్లు," అన్నాడు.

"ఒరేయ్, మనం గెలిచామా, ఓడామా?" అని అడిగాడు పురుగుమందు మెల్లిగా. ఈలోపు ఇంటాయన ఆటోలో మిగిలిన సంచీ తెద్దామని గేటు దాటి అడుగు బయట పెట్టాడు. అక్కడ దిష్టినీళ్లు. ఆయన గేటు ముందు సిమెంటుకి గళ్లు లేవు, నున్నటి పాలిష్. రెండు చేతులూ గాల్లోకి లేచాయి, తర్వాత మనిషి మొత్తం తన సొంత ముగ్గు మధ్యలో బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

బాల్కనీ మీద నుంచి వెంటనే వచ్చింది కేక. "మ్యూ సార్! అక్కడెంత సార్?"

నేను నడుం మీద చేతులు పెట్టుకుని, ముగ్గుపిండి అంటిన ప్యాంటుతో నా ముక్క మధ్యలో నిటారుగా నిలబడ్డాను. "అది నా ముక్క కాదు!" అన్నాను. లోపల నుంచి మామ్మగారి నవ్వు ముందు వినిపించింది. తర్వాత టీచరమ్మగారిది. చివరికి, ఎర్రనీళ్లలో కూర్చునే, ఇంటాయన కూడా నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం మాకు అదే మొదటిసారి.

పెళ్లై గది ఖాళీ చేసేదాకా ఆ ముక్క నాదే. వారం వారం రుద్దేవాణ్ణి, పండగలకి ముగ్గు పెట్టేవాణ్ణి. నా తరంగాలు సందులో ఎంత పేరు తెచ్చుకున్నాయంటే ఒక ఏడాది ఇంటావిడ వచ్చి, ఆ మెలిక ఎలా తిప్పాలో నన్నే అడిగింది. ఎన్ని మెలికలు తిప్పినా గోడవారగా వాకరు పట్టేంత దారి మాత్రం వదిలేసేవాణ్ణి. మామ్మగారు సాయంత్రాలు ఆ దారి వెంట అటూ ఇటూ నడిచేది. తర్వాత వాకరు పోయి చేతికర్ర వచ్చింది. గిన్నెలు అప్పటి నుంచి కడిగే ఇచ్చేవాణ్ణి.

ఇప్పుడు మాకు గుంటూరు శివార్లలో చిన్న ఇల్లుంది. మేడ మీద గది ఇద్దరు కుర్రాళ్లకి అద్దెకిచ్చాం, సాఫ్ట్‌వేర్ పని, ఎక్కువ భాగం గదిలోనే ఉంటారు. మొన్నటి వానలకి మెట్ల కింద పాచి పట్టింది. "బాబూ, మెట్లు మీవే కదా, కాస్త రుద్దుకోకూడదూ?" అన్నాను కింద నుంచి. ఒక కుర్రాడు పిట్టగోడ మీద మోచేతులు ఆన్చి, ఎంతో మర్యాదగా, "అద్దె గదికే కదా అంకుల్," అన్నాడు.

ఆ మాట నాదే. గొంతు మాత్రం ఎవరిదో. ఎంత ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు. ఆ కుర్రాడు బిత్తరపోయి చూస్తున్నాడు. బ్రష్షు తీసుకుని, ఈమధ్య మూలిగే అలవాటైన మోకాళ్లను బుజ్జగించి కూర్చోబెట్టి, రుద్దడం మొదలుపెట్టాను. లోపల నుంచి మా ఆవిడ "మీకెందుకండీ ఈ వయసులో? పనమ్మాయి వస్తుందిగా," అంది. సగం దాకా రుద్ది, మిగతా సగం కావాలనే వదిలేసి, బ్రష్షు ఆఖరి మెట్టు మీద పెట్టి లేచాను. ఎవరికైనా కాస్త దారి వదిలిపెట్టాలిగా. మామ్మగారు నేర్పిన విద్య అది.

నేను గుమ్మం దాటకముందే వెనకాల మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ వెంటనే బకెట్టు.